ఉతుకుబండమ్మ సన్నిధిలో రుమాళ్ళు ఆరేసే ఆచారం

క్రోధి నామ సంవత్సరం చైత్ర బహుళంలో వచ్చిన మొదటి ఆదివారం, అనగా 2024 ఏప్రిల్ 28వ తేదీ. ఆ రోజు ఉదయం తొమ్మిది గంటలకే బండలు కాలుతున్నాయి. గాలి లేదు. కనుమ అంచున ఉన్న రేగుపొదల్లో ఆకు కదలలేదు. ఆకాశం తోమిన కంచంలా తెల్లగా ఉంది, మబ్బు తునక లేదు. ఆ ఎండలో, నీడ అనేది లేని చోట, రెండు వరుసలుగా మగవాళ్ళు ఎదురెదురుగా, తలగుడ్డలు తీసి, బోడితలలతో కూర్చుని ఉన్నారు. వారిలో రెండు కుటుంబాలవారు పక్క జిల్లా నుంచి వేరువేరు వ్యానుల్లో వచ్చారు. వారి వెంట వచ్చిన కానిస్టేబులు దూరంగా నిలబడి, తన టోపీ కూడా తీసి చంకలో పెట్టుకున్నాడు. అమ్మవారి ఎదుట, గుడ్డలు ఆరేదాకా, ఎవరి తలమీదా ఏదీ ఉండకూడదు.

రేగులకోన, బండమీదపల్లె అనే రెండు గ్రామాల నడుమ ఉన్న ఈ కనుమలోనే శ్రీ ఉతుకుబండమ్మ అమ్మవారు వెలిశారు. ఇక్కడ గోపురం లేదు. విగ్రహం లేదు. వాలుగా ఉన్న ఒక నల్లని బండ, దాని వెనుక పగులులోంచి వచ్చే ఊట, ముందు నేలలో నాటిన రెండు ఈటెలు, వాటి నడుమ కట్టిన తాడు, ఇంతే అమ్మవారి సన్నిధి. కొత్తగా వచ్చిన భక్తులు మొదట ఈటెలను చూసి ఈమె యుద్ధదేవత అనుకుంటారు. తర్వాత ఆడవాళ్ళు బండమీద తలగుడ్డలు ఉతకడం చూసి, ఇదేమి పూజ అని అడుగుతారు. కొబ్బరికాయ కొట్టడం మాత్రం ఇక్కడ లేదు, బండమీద కాయ పగిలిన చప్పుడు అమ్మవారికి గిట్టదని పెద్దలు చెబుతారు. అడిగినవారికి సమాధానంగా ఈ చిన్న పుస్తకం రాయడం జరిగింది.

పూర్వం, ఈ సీమను పాలెగాళ్ళు ఏలుతున్న కాలంలో, ఈ రెండు ఊళ్ళ నడుమ తరతరాల పగ ఉండేది. పగ ఎక్కడ మొదలైందో తెలియదు. రేగులకోనవారిని అడిగితే గట్టురాయి జరిపారని చెబుతారు. బండమీదపల్లెవారిని అడిగితే పెళ్ళిలో తాంబూలం ఎడమచేత్తో ఇచ్చారని చెబుతారు. మేము కాలేజీలో చదివేటప్పుడు ప్రతి యుద్ధానికి కారణాలు వరుసగా రాయమనేవారు, రాస్తే మార్కులు వేసేవారు. ఈ పగకు కారణం రాయమంటే మాత్రం రెండు ఊళ్ళవారూ తప్పేవారు. కారణం పోయినా పగ పోలేదు. దానికి ఒక గుడ్డ ఆధారం.

తలకు చుట్టే గుడ్డను ఈ ప్రాంతంలో రుమాల అంటారు. ఇంట్లో మగవాడు హతుడైతే, అతని రక్తం అంటిన రుమాలను ఉతకకుండా నడింటి దూలానికి వేలాడదీసేవారు. హతుని కొడుకు పెరిగి, తండ్రిని చంపినవాణ్ణి చంపిన రోజున దాన్ని దించి, ఉతికి, తన తలకు చుట్టుకునేవాడు. దీనినే రుమాల దించడం అనేవారు. అది వేలాడుతున్నంతకాలం ఆ ఇంట్లో పెళ్ళి జరగదు, పొలం వాటాలు వేయరు, ఆ కొడుకుకు పెద్దల వరుసలో కూర్చునే అర్హత ఉండదు. వాడు దానికిందే తినాలి, దానికిందే పడుకోవాలి.

సంధులు జరగలేదని కాదు. చాలాసార్లు జరిగాయి. పాలెగాడే స్వయంగా వచ్చి రెండు ఊళ్ళ పెద్దలను కూర్చోబెట్టి, దీపం ఆర్పించి ప్రమాణం చేయించాడు. పెద్దలు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని భోజనాలు చేశారు. కానీ పెద్దలు ఇళ్ళకు తిరిగి వచ్చి తల ఎత్తి చూస్తే, రుమాళ్ళు దూలాలకు అట్లాగే ఉండేవి. నాలుగు వానలు పడేలోగా ఎవడో ఒక కుర్రవాడు దించడానికి బయలుదేరేవాడు.

అట్లాంటి ఒక సంధి నడుస్తున్న కాలంలో రేగులకోనలో తిప్పమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త కదిరప్పను బండమీదపల్లె చౌడప్ప చంపాడు. చౌడప్ప తండ్రిని అంతకుముందు కదిరప్ప చంపి ఉన్నాడు. కదిరప్ప రుమాల దూలానికి వేలాడుతోంది. ఆమెకు ఒక్కడే కొడుకు, ఓబులేసు. తిప్పమ్మ మెత్తని మనిషి అని ఎవరూ అనుకోవద్దు. కొడుకు చంటివాడుగా ఉన్నప్పుడు ముద్ద పెడుతూ పైకి చూపించి, అది ఎవరిదిరా అని అడిగేది. మా నాయనది అని వాడు చెబితేనే రెండో ముద్ద పెట్టేది.

కదిరప్ప తమ్ముడు నరసింగప్ప అన్న పొలాన్ని కూడా తానే సాగు చేసుకుంటున్నాడు. రుమాల దిగేదాకా వాటాలు లేవు కనుక అందులో తప్పు పట్టేవారు లేరు. కుర్రవాడు వెళ్ళి చౌడప్పను చంపితే ఇంటి పరువు నిలుస్తుంది. వాడే చస్తే పొలమంతా నరసింగప్పకు నిలుస్తుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు.

ఓబులేసుకు మీసం మొలిచిన ఏడాది వానలు పూర్తిగా మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. ఆ ఎండాకాలంలో, రెండు ఊళ్ళకూ చెందని బీరప్ప అనే గొర్రెల కాపరి మందను కనుమ దాటిస్తూ, గొర్రెలన్నీ ఒక బండను నాకుతుండటం చూశాడు. చేయి పెడితే చల్లగా తగిలింది. కొమ్మతో వెనుక మట్టి తవ్వితే నీటి చెమ్మ కనిపించింది. బీరప్పకు సంతోషం కంటే భయమే ఎక్కువ కలిగింది. ఏ ఊరికి ముందు చెబితే రెండో ఊరు తనను బతకనివ్వదు. ఆలోచించి, గుట్టకొమ్ము ఎక్కి, రెండు పక్కలకూ వినబడేటట్టు ఒకేసారి కేక పెట్టి, మందను తోలుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ దారిన రాలేదని చెబుతారు.

నీరు దొరికిందంటే రెండు ఊళ్ళూ ఆయుధాలతో వచ్చాయి. పాలెగాడి సంధి ఉంది కనుక ఎవరూ మొదట చేయి ఎత్తలేదు. పొద్దున ఒక ఊరి ఆడవాళ్ళు, పొద్దు వాలాక రెండో ఊరి ఆడవాళ్ళు ముంతలతో తోడుకోవాలని, ఆదివారం మాత్రం రెండు ఊళ్ళవారూ వచ్చి చెమ్మ ఎంత ఉందో కలిసి చూసుకోవాలని ఒప్పందమైంది. మగవాళ్ళు గుట్టల మీద కాపలా కూర్చున్నారు. నీరు ముంతెడు వస్తే ఎక్కువ. ఎవరి ముంత ముందు నిండినా గుట్టల మీద ఈటెలు కదిలేవి.

అప్పుడే నరసింగప్ప, పగకు బయలుదేరేవాడికి చేసే ఆచారంగా, ఓబులేసుకు తల గొరిగించాడు. చేతికి ఈటె ఇచ్చాడు. ఆదివారం చెమ్మ చూడటానికి బండమీదపల్లె తరఫున చౌడప్ప వస్తాడని, రేగుపొద వెనుక కూర్చోవాలని చెప్పాడు. సంధి ఉంది కదా చిన్నాయనా అని కుర్రవాడు అడిగితే, సంధి పెద్దలకు, రుమాల నీకు అన్నాడట.

ఆ మాట విన్న తిప్పమ్మకు ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన దినం వచ్చిందని సంతోషం కలగాలి. కలగలేదు. చౌడప్ప చేయి ఎట్లాంటిదో ఆమెకు తెలుసు, తన భర్త శవాన్ని కడిగింది ఆమే. అన్నం ముట్టక, మధ్యాహ్నం గోడకు చేరగిలబడి కునుకు తీసింది. కలలో ఒక ముసలమ్మ కనిపించింది. మెడ వంగిపోయి ఉంది. తలమీద గుడ్డల మూట, దానిమీద మరో మూట.

"మీ రెండూళ్ళ దూలాల బరువంతా నా నెత్తిన పెట్టినారు. తల ఎత్తితే కదా నీళ్ళు ఇచ్చేది. నా బండ మీద తెల్లగా చెయ్యండి, దించుకుంటా" అని చెప్పి ముసలమ్మ మాయమైంది.

తిప్పమ్మ లేచి, పీట వేసుకుని, దూలానికి ఉన్న రుమాలను తన చేత్తో విప్పింది. ఆడది దాన్ని ముట్టడం అంతవరకు లేదు. తమ ఊరి వంతు వేళలో కనుమకు వెళ్ళి, తన వాటా ముంతెడు నీళ్ళూ పోసి, చౌడుమట్టి వేసి బండమీద ఉతికింది. చేతులు పగిలేదాకా ఉతికింది. మరక వదలలేదు. పైగా ఆ సాయంత్రం ఊట పూర్తిగా ఇంకిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన సీమలో తలగుడ్డను పరాయి ఇంటివాళ్ళ చేతికి ఇవ్వడం తల ఇచ్చినంత పని. అందుచేత అమ్మవారు ఉతకమంటే, మన గుడ్డ మనమే ఉతకాలని తిప్పమ్మ అనుకుంది. ఆ ఊళ్ళలో ఎవరైనా అట్లాగే అనుకునేవారు.

నరసింగప్ప సంగతి తెలిసి కోపంతో ఊగిపోతాడని ఆమె అనుకుంది. అతను నవ్వాడు. "మనింటి మరక మనమే ఉతుక్కుంటే ఇల్లు శుభ్రమైతాది గాని పగ తీరుతాదా వదినా" అన్నాడు. తడి రుమాలను తీసుకుని, కోసిన మేకపోతు రక్తంలో ముంచి, మళ్ళీ దూలానికి కట్టాడు. అప్పుడు తిప్పమ్మ, "అంత పౌరుషం ఉంటే మీ అన్న రుమాల ఇన్నేండ్లు నువ్వే దించి ఉండొచ్చు కదా మరిదీ. పొలం దున్నేదానికి వచ్చిన చేతులు దానికి రాలేదా" అంది.

అయితే మరిది నవ్వుతూ అన్న ఆ మాటలోనే ఆమెకు కల అర్థం తెలిసింది. మరక చేసిన ఇల్లు వేరు. ఉతకవలసిన చేతులూ ఆ ఇంటివే.

ఆదివారం వచ్చింది. ఓబులేసు తెల్లవారకముందే పొద వెనుక చేరాడు. నరసింగప్ప గుట్ట మీద కూర్చున్నాడు. తిప్పమ్మ రుమాలను మళ్ళీ విప్పి, కడవలో దాచుకుని, కనుమకు నడిచింది. ఎండిన బండ దగ్గర చౌడప్ప భార్య బసమ్మ ముందే వచ్చి నిలబడి ఉంది. ఆమె చంకలో పిల్లవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఎన్నో ఆదివారాలు గడిపినవారే. ఆ రోజు తిప్పమ్మ కడవలోంచి రుమాల తీసి బండమీద పరిచింది.

"బసమ్మా, ఇది నీ మొగుడు చేసిన మరక. నువ్వు ఉతుకు."

బసమ్మ వెనక్కు జరిగింది. "ఉతికితే మావోడు చేసినాడని ఒప్పుకున్నట్టు కాదా. మా మామను చంపిందెవరు? ఆ గుడ్డ మీ ఇంటోళ్ళు ఎవరన్నా ఉతికినారా?"

"ఎవురూ ఉతకలా. తెచ్చియ్యి, నేను ఉతుకుతా."

"యాడ తెచ్చేది. మా మామ రుమాల మా ఆయన నెత్తిన ఉంది."

నిజమే. తండ్రి పగ తీర్చినవాడు కనుక చౌడప్ప ఆ రుమాలనే చుట్టుకుని తిరిగేవాడు. అప్పటికే అతను చేత ఈటె పట్టుకుని కనుమలోకి వస్తున్నాడు. తిప్పమ్మకు అతను కనబడ్డాడు, రేగుపొద కదలడం కూడా కనబడింది. చౌడప్పకు కూడా పొద కదలడం కనబడింది. శత్రువు కొడుకు వయసు వచ్చాక ఎక్కడ దాక్కుంటాడో అతనికి తెలియక కాదు, తానూ ఒకప్పుడు అదే పొద వెనుక కూర్చున్నవాడే. ఈటె చేయి మార్చుకుని ఆగాడు.

తిప్పమ్మ గొంతు పెంచలేదు. బసమ్మ చంకలోని పిల్లవాణ్ణి చూస్తూ, "ఈ పొద్దు మావోడు గెలిస్తే నీ ఇంట్లో ఒక గుడ్డ ఎక్కుతాది. నీ కొడుకు దానికింద కూర్చోని తింటాడు. నేను ఎట్ల తినిపించినానో నన్ను అడుగు, చెప్తా" అంది.

బసమ్మ పిల్లవాడి తల నిమిరింది. తర్వాత భర్తవైపు తిరిగి, "ఏమయ్యా, ఆ రుమాల ఇట్లియ్యి" అంది.

ఈ ఘట్టాన్ని మా ఊళ్ళలో చెప్పేవారు ఇక్కడ కాసేపు ఆగుతారు. కారణం ఉంది. తలగుడ్డ తీసినవాడి మెడ బయటపడుతుంది. పొద వెనుకనుంచి ఈటె విసరడానికి అంతకంటే అనువు ఉండదు. చౌడప్ప పొదవైపు చూశాడు, భార్యను చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు. ఈటెను నేలలో నాటి, రెండు చేతులతో రుమాల విప్పి ఇచ్చాడు. ఇచ్చి, బోడితలతో, పొదకు వీపు పెట్టి, కాలుతున్న బండమీద కూర్చున్నాడు.

తిప్పమ్మ అతని రుమాల తీసుకుంది. బసమ్మ కదిరప్ప రుమాల తీసుకుంది. నీళ్ళు లేవు. ఉత్త చౌడుమట్టితోనే ఇద్దరూ బండమీద రుద్దడం మొదలుపెట్టారు. అప్పుడు బండ వెనుక పగులులోంచి నీటి చుక్క వచ్చిందని, చుక్క ధార అయిందని, మొదట ఎర్రగా, ఆపైన మట్టిరంగుగా, చివరికి తేటగా పారిందని చెబుతారు. కలలో చెప్పినట్టుగానే అమ్మవారు తల ఎత్తారు. కదిరప్ప రుమాల మీది పాత మరకా, దానిపై పడిన మేకపోతు రక్తమూ రెండూ వదిలిపోయాయి.

ఉతికిన గుడ్డలు ఆరేయాలి. కనుమలో చెట్టు లేదు, ముళ్ళపొద మీద వేస్తే చిరుగుతాయి. బసమ్మ నడుముకు చుట్టుకున్న చేంతాడు విప్పి, ఒక కొస భర్త నాటిన ఈటెకు కట్టింది. రెండో కొస పట్టుకుని పొదవైపు చూస్తూ, ఇంటి పిల్లవాణ్ణి పిలిచినట్టే పిలిచింది.

"అబ్బాయా, ఆ ఈటె తెచ్చి ఈడ నాటు. మీ నాయన గుడ్డ మట్టిలో పడతాది."

ఓబులేసు బయటికి వచ్చాడు. చౌడప్ప వెనుక, చేయి చాస్తే తగిలేంత దగ్గర నిలబడ్డాడు. చౌడప్ప తల తిప్పలేదు. తిప్పమ్మ తడిగుడ్డ రెండు చేతుల మీద పట్టుకుని నిలబడింది. నీళ్ళు బొట్లుగా కారుతున్నాయి. కుర్రవాడు ముందు మెడను చూశాడు, తర్వాత గుడ్డను చూశాడు. పుట్టినప్పటినుంచి నల్లగా చూసిన గుడ్డ అది. తెల్లగా ఉంటుందని అతనికి తెలియదు. ఈటెను నేలలో నాటాడు. తాడు కట్టారు. రెండు రుమాళ్ళూ పక్కపక్కన ఆరేశారు.

అప్పుడు గుట్ట మీదినుంచి నరసింగప్ప కేక వినబడింది. పెరుక్కొని పొడువురా అని. ఆ కేక విని రెండు గుట్టల మీది మగవాళ్ళూ ఈటెలు పట్టుకుని దిగారు. బండమీదపల్లెవాళ్ళు చౌడప్ప బోడితలతో కూర్చుని ఉండటం చూసి, అతన్ని పట్టుకున్నారనుకుని ఒడిసెళ్ళలో రాళ్ళు పెట్టారు. ఎవడి చేయి ముందు లేచినా ఆ రోజు కనుమలో ఎవరూ మిగిలేవారు కాదు. ఈటె పెరికితే తాడు జారుతుంది, తాడు జారితే తండ్రి గుడ్డ బురదలో పడుతుంది. ఓబులేసు ఈటె పక్కనే నిలబడి, ఒకే మాట అన్నాడు.

"గుడ్డ ఆరనీ చిన్నాయనా."

చౌడప్ప చేయి ఎత్తి తనవాళ్ళను కూర్చోమన్నాడు. రుమాళ్ళు తీసి కూర్చోమన్నాడు. వాళ్ళు వెంటనే కూర్చోలేదు. ఒక ముసలివాడు కూర్చున్నాక మిగిలినవారు కూర్చున్నారు. వాళ్ళు రుమాళ్ళు విప్పడం చూసి రేగులకోనవారూ విప్పారు. రెండు ఊళ్ళ మగవాళ్ళు ఎదురెదురుగా, ఆ ఎండలో, తడిగుడ్డలను చూస్తూ కూర్చున్నారు. ఒక కుర్రవాడు దగ్గితే అందరి చేతులూ నేలమీది ఈటెల వైపు వెళ్ళి, మళ్ళీ వెనక్కు వచ్చాయి. గుడ్డ ఆరడానికి ఎంతసేపు పడుతుందో ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలుసు. మగవాళ్ళకు ఆ రోజే తెలిసింది.

ఆరిన తర్వాత తిప్పమ్మ భర్త రుమాలను కొడుకు తలకు తానే చుట్టింది. నరసింగప్ప ఒప్పుకోలేదు. రక్తం చిందకుండా రుమాల దిగినట్టు కాదని, వాటా అడిగే హక్కు రాదని వాదించాడు. రెండు ఊళ్ళ పెద్దలూ అక్కడే కూర్చుని ఆలోచించారు. రేగులకోన పెద్ద చివరికి, "రుమాల దూలానికి లేదు, తలమీద ఉంది. దిగిందా లేదా నువ్వే చూసి చెప్పు నరసింగప్పా" అన్నాడు. తర్వాత కొన్ని నెలలపాటు రెండు ఊళ్ళ ఇళ్ళలోంచీ రుమాళ్ళు ఒక్కొక్కటిగా ఈ బండ దగ్గరికి వచ్చాయి. కొన్నింటికి రెండో పక్షంవారు రావడానికి సంవత్సరాలు పట్టింది. ఒక ఇంటివారు తమ కోడలి తరంలో గాని రాలేదు. తొందరపెట్టినవారు లేరు.

నేటికీ అదే ఆచారం నడుస్తోంది. చైత్ర బహుళంలో మొదటి ఆదివారం రేగులకోన మగవారి రుమాళ్ళను బండమీదపల్లె స్త్రీలు, వారివి వీరు ఉతుకుతారు. ఆరేదాకా మగవారెవరూ లేవరు. ఈటెలు పోయి నాటుబాంబులు వచ్చిన రోజుల్లో కూడా ఈ ఆదివారం కనుమలో చప్పుడు వినబడలేదు. చుట్టుపక్కల జిల్లాల్లో పగలున్న కుటుంబాలు కోర్టులో రాజీ పడిన తర్వాత ఇక్కడికి వస్తాయి. రాజీ కాగితం మీద సంతకాలు అయ్యాయి కదా, ఇంకా ఇదెందుకని అడిగేవారు ఉంటారు. వారు ఇంటికి వెళ్ళి తల ఎత్తి చూసుకుంటే తెలుస్తుంది. ఒక్క నియమం ఉంది. ఒక పక్షంవారు మాత్రమే వస్తే బండ ముట్టనివ్వరు. వారికి ప్రసాదం పెట్టి, మర్యాదగా వెనక్కు పంపుతారు, రెండోవారితో కలిసి రమ్మంటారు. కలిసి వచ్చినవారి ఇళ్ళలో ఆగిన పెళ్ళిళ్ళు జరుగుతాయని, బీడు పడిన పొలాలు సాగులోకి వస్తాయని, పిల్లలు నిద్రలో ఉలిక్కిపడరని భక్తుల నమ్మకం. ఏప్రిల్ 28న వచ్చిన ఆ రెండు కుటుంబాలవారూ గుడ్డలు ఆరిన తర్వాత వేరువేరు వ్యానుల్లోనే వెళ్ళారు. అదేమీ లోపం కాదు. వచ్చింది కలిసి ఉతకడానికి.

ఇక మిరాశీల, అంటే వంశపారంపర్యంగా వచ్చిన హక్కుల సంగతి. ఓబులేసుకు తండ్రి పొలం వచ్చింది, అతని సంతతివారు ఇప్పటికీ అందులో వేరుశనగ వేస్తున్నారు. నరసింగప్పకు తన సగం తనకు మిగిలింది, అన్న సగం మీద చేయి పోయింది. బసమ్మ చంకలోని పిల్లవాడికి తాత రుమాల వచ్చింది, అది మళ్ళీ దూలానికి ఎక్కకుండా తండ్రి తలనుంచి నేరుగా కొడుకు తలకు వచ్చిన మొదటి రుమాల అని ఆ ఇంటివారు చెప్పుకుంటారు. బండకు ఎడమవైపు నిలిచే హక్కు తిప్పమ్మ ఇంటి కోడళ్ళకు, కుడివైపు బసమ్మ ఇంటి కోడళ్ళకు సంక్రమించింది. ఊటనీరు రెండు ఊళ్ళకూ వచ్చింది. చౌడప్ప ముసలివాడై, మంచం మీద పోయాడు. కదిరప్పకు ప్రాణానికి ప్రాణం రాలేదు, అతని పేర పగ తీరలేదు, తిప్పమ్మ కూడా చివరిదాకా తీరిందని చెప్పలేదు. అతనికి ఏమీ రాలేదు.